ముడెవరిది?

అనగనగా ఒక సముద్రం. సముద్రానికి ఒక ఒడ్డు, ఒడ్డుకు ఒక పేట, పేట చివర వలలు బాగుచేసే పోలమ్మ. లోకమంతా ఫోనులోకి అప్పుడప్పుడే దూరుతున్న కాలం అది.

పోలమ్మకు ఒక విద్య ఉండేది. వలలో ముడిని వేలితో తడిమి, అది ఎవరు వేసిందో చెప్పేసేది. చేతిని బట్టి ముడి, ముడిని బట్టి వల. అందుకే ఎవరేం చెప్పినా ఆమెది ఒకటే అనుమానం: "ముడెవుడిదిరా?"

ఒకరోజు బడిలో పాఠాలు చెప్పే వరహాలు మేష్టారు ఫోను పట్టుకొచ్చాడు.

"పోలమ్మా, దీన్ని అంతర్జాలం అంటారు. లోకమంతా కలిసి అల్లుకునే వల. ఎవరికి తెలిసింది వాళ్లు నలుగురికీ నేర్పొచ్చు."

"జాలమా? మాయజాలం గాదు గదా? వలంటే పట్టేదే బాబూ. మరిందులో పడే సేప ఎవరు?"

మేష్టారు ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఎక్కడో దూరపు ఒడ్డున, తెలియని భాషలో మాట్లాడుతూ వల కడుతున్న ఒక ఆడమనిషిని ఫోనులో చూపించాడు. పోలమ్మ ఒకసారి చూసింది. రెండోసారి చూసింది. మూడోసారి తన సూది తీసి, ఆ కొత్త ముడి వేసి గట్టిగా లాగింది. జారలేదు.

"ఈ ముడి దీనిదే. సెయ్యి కనబడతంది," అంది. అంతమాత్రాన నమ్మిందనుకునేరు! సముద్రానికి లాగే ఆ ఫోనుకూ వీపు తిప్పి కూర్చునేది కాదు.

ఆ ఏడు తుఫాను భయంతో పడవలు మూడు రోజులు ఒడ్డునే ఉన్నాయి. ఇళ్లల్లో కుండలు ఖాళీ. నాలుగోనాడు పొద్దున్నే అన్ని ఫోన్లూ ఒకేసారి కూశాయి: "తుఫాను మళ్లిపోయింది. వేటకు వెళ్లొచ్చు."

పోలమ్మకు ఒక్కడే కొడుకు, ఎల్లాజీ. పడవను నీళ్లలోకి తోస్తున్నాడు. పోలమ్మ వెళ్లి పడవలో కూర్చుంది.

"ముడెవుడిదిరా?"

"బావ పంపాడే అమ్మా."

"ఆడికి?"

"ఎవులో పంపారు."

"ఆ ఎవులికి?"

ఎల్లాజీ తల గోక్కున్నాడు. "నువ్వు దిగవే, ఆకలి సంపేస్తంది!"

"ఆకలి సంపితే ఒడ్డునే సంపుతాది. నిన్ను నానే పాతుకుంటాను. దిగను."

పరుగున వచ్చిన మేష్టారు, తుఫాను వచ్చే దిక్కున, దక్షిణాన ఉన్న పేటలన్నిటికీ ఫోనులోనే రాశాడు: "కళ్లతో చూసిందే చెప్పండి. పేరూ ఊరూ చెప్పండి."

జవాబులొచ్చాయి. "దిబ్బలపేట సన్యాసిని. అల ఇంటి గడప తాకింది." "కొత్తరేవు గంగమ్మను. పడవలు లాగేస్తున్నాం." "ఉప్పుగెడ్డ రాముడిని. రావొద్దు, రావొద్దు."

"మూడు ముళ్లు పడ్డాయి. నా పెళ్లికీ మూడేరా, మీ అయ్య సచ్చేదాకా జారలేదు," అంది పోలమ్మ. అప్పుడు దిగింది. తల్లీకొడుకులు ఏడుస్తూనే పడవను ఇసుక మీదికి లాగారు. పేటంతా తమ తమ పడవలు లాగేసింది.

మధ్యాహ్నానికి సముద్రం లేచింది. గుడిసెలు పోయాయి. మనుషులు మిగిలారు.

పోలమ్మ ఎప్పుడో కాలం చేసింది. ఇప్పటికీ ఆ పేటలో ఫోనుకు ఏ మాట వచ్చినా, పాఠమైనా పుకారైనా, ముందు చెప్పినవాడి పేరూ ఊరూ వెతుకుతారు. లేకపోతే "పోలమ్మ పడవ దిగలేదురా" అని పక్కన పెట్టేస్తారు.

కథ ఒడ్డుకు, మనం ఇళ్లకు. ఇంతసేపూ నోరు తెరుచుకుని విన్నారే, ఈ కథ ముడెవరిదని ఒక్కరైనా అడిగారా?