మూరెడు మోకు

బావి కూలిన పన్నెండో రోజున వన్నూరప్ప మేస్త్రి గుట్ట ఎక్కాడు. భుజాన సంచి. సంచిలో మూరెడు మోకు ముక్క, బావిలోకి దించే లావుతాడుది.

గుట్ట మీద దర్గా పక్కన రాతిగదిలో జమాల్ తాత ఉంటాడు. ఎనభై దాటిన ఫకీరు. పదహారేళ్ళుగా వన్నూరప్పకు ఆయనే గురువు. కొత్త బావికి గడ్డపార వేయాలన్నా, ఇంట్లో బిడ్డకు పేరు పెట్టాలన్నా ఆయన చెవిన వేయనిదే చేయడు.

దర్గా వాకిలి ఊడుస్తున్న బీబమ్మ తలెత్తి చూసింది.

"బావులు దిగేటోడు గుట్ట ఎక్కినాడే! దారి తప్పితివా మేస్త్రీ?"

ఇంకెప్పుడైనా అయితే మాటకు మాట అనేవాడు. ఆ రోజు చెప్పులు విడిచి నేరుగా లోపలికి వెళ్ళిపోయాడు.

తాత తస్బీ పూసలమాల పక్కన పెట్టాడు. "చెప్పప్పా."

వన్నూరప్పది బావులు తవ్వే ముఠా. మొత్తం పదిమంది. ఎనిమిదేళ్ళ కిందట ఒక బావి గట్టున ముగ్గురు మూడు రకాలుగా అరిచారు. ఒకడు లాగమన్నాడు, ఒకడు దించమన్నాడు, ఒకడు ఆపమన్నాడు. రాళ్ళగంప జారి కిందనున్న వన్నూరప్ప అన్న భుజం మీద పడింది. ఆ చెయ్యి మళ్ళీ లేవలేదు. కట్టుబాటు అప్పుడు పుట్టింది. గట్టున ఒకటే నోరు, మేస్త్రి నోరు. అది పలకనిదే మోకు కదలకూడదు.

రెండేళ్ళ కిందట బావిలో పాము కనబడిందని తిప్పన్న అరిస్తే, సుంకన్న ఎవర్నీ అడక్కుండా అతన్ని పైకి లాగాడు. తిప్పన్న బతికాడు. సుంకన్నను మాత్రం మేస్త్రి ఎనిమిది రోజులు పనిలోకి రానివ్వలేదు. ఆ తర్వాత కట్టుబాటు దాటినవాడు లేడు. ఆ ఎనిమిదేళ్ళలో పంతొమ్మిది బావులు తవ్వారు, ఎవరికీ గోరు కూడా ఊడలేదు. పని చూడాలంటే వన్నూరప్ప ముఠా పనే చూడాలని చుట్టుపక్కల పేరు.

ఇరవయ్యో బావి నలభై రెండు అడుగుల దగ్గర కూలింది.

"కింద తిప్పన్న ఉండాడు తాతా. గోడ జారతాంది, లాగండ్రా అని అరిచినాడు. మోకు ముందర సుంకన్న. విన్నాడు. విని లాగల్యా. మోకు పక్కోని చేతికిచ్చి నా కాడికి ఉరికొచ్చినాడు. నేను చింతచెట్టు కింద రైతుతో మాట్లాడతా ఉంటి. నూటిరవై అడుగుల దూరం. మేం మళ్ళీ గట్టు కాడికి పోయేలోపల..."

భుజాన్నుంచి సంచి దించి కింద పెట్టాడు. తాత ఎదురుచూశాడు.

"దుమ్ము తప్ప ఏమీ ల్యా."

"సుంకన్ననేమంటివి?"

"ఊరందరి ముందరా అడిగితి. లాగేదానికి చేతులు లేవా నీకు అని."

"ఏమన్నాడు?"

"ఏమీ అనల్యా. అప్పట్నుంచి ఎవరితోనూ ఏమీ అనల్యా. పొద్దున్నే పోయి తిప్పన్న ఇంటి ముందర కూచుంటాడంట. ఆ ఇంటోళ్ళు కసువు ఊడ్చేటప్పుడు లేచి పక్కకు జరుగుతాడంట. అంతే."

ముగ్గురు చెప్పకుండానే వేరే ముఠాల్లోకి వెళ్ళిపోయారు. మేస్త్రితో కలిపి ఆరుగురు మిగిలారు.

"ముఠా చెదిరిపోతాంది తాతా. రేపు అందరం కూచుంటాం. తప్పు చేసినోణ్ని తీసేస్తేనే మిగతా వాళ్ళు నిలబడతారు."

సంచిలోంచి మోకు ముక్క తీసి ముందు పెట్టాడు. ముఠా మోకును అందరూ కలిసి పేనుకుంటారు. ఎవరినైనా తీసేస్తే అందులోంచి మూరెడు కోసి వాడి చేతిలో పెడతారు. ఆ ముక్క అందుకున్నవాణ్ని ఆ సీమలో ఏ మేస్త్రీ మోకు ముట్టనివ్వడు. సుంకన్నకు ఇంకో పని చేతకాదు.

"మీరు ఊఁ అంటే రేపు ఇచ్చేస్తా."

తాత ముక్కను చేతిలోకి తీసుకుని కోసిన కొసను వేళ్ళతో తడిమాడు. నార ఇంకా తెల్లగానే ఉంది. తిరిగి ఇచ్చేశాడు.

"ఈ పొద్దు బేస్తవారం. సాంబ్రాణి వేసినాక చెబుతా. అంతవరకు నేను పలకందే పలకద్దు."

"సరే తాతా."

పొద్దు వాలుతోంది. తాత గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకున్నాడు. పట్టుకారుతో కుంపట్లోంచి ఒక్కొక్క నిప్పునూ ధూపపు మూకుట్లోకి మారుస్తున్నాడు. మూడో నిప్పు మూకుడు అంచుకు తగిలి, ఆయన పొడుగాటి పచ్చ అంగీ మీద, మోకాలి దగ్గర పడింది.

వన్నూరప్ప చూశాడు.

తాత సాంబ్రాణి చల్లాడు. కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి.

గుడ్డ మీద రూపాయంత నలుపు తేలింది. దాని అంచున ఎర్రటి గీత మెల్లగా వెడల్పవుతోంది. తాతకు తెలిసే ఉంటుందిలే, అనుకున్నాడు వన్నూరప్ప. తెలిసి కూడా ఊరుకున్నాడంటే ఏదో ఉంది. గురువు పలకొద్దన్నాక పలికితే పదహారేళ్ళ శిష్యరికం ఎందుకు? సాంబ్రాణి వాసనలో గుడ్డ కాలుతున్న వాసన కలిసింది. నోరు తెరిచాడు. మూశాడు. చేతిలోని మోకు ముక్క చెమటకు తడిసింది. నలుపు అరచేయంత అయింది. ముసలాయన కాలు ఒక్కసారి అదిరింది. పెదాలు మాత్రం ఆగలేదు.

నీళ్ళబిందెతో లోపలికి వచ్చిన బీబమ్మ కేక పెట్టింది. బిందె అలాగే ఆయన కాళ్ళ మీద కుమ్మరించింది. తడి గుడ్డ పక్కకు లాగితే, చర్మం కూడా కొంత దానితో వచ్చింది.

"ఎంతసేపైంది ఇది? నువ్వు చూడల్యా?"

"చూస్తిని."

"చూస్తా కూచుంటివా! నోరు లేదా నీకు?"

తాత నొప్పికి పళ్ళు బిగించి, కాసేపటికి ఊపిరి వదిలాడు.

"ఆయప్పనేమీ అనొద్దు బీబమ్మా. పలకద్దని చెప్పింది నేను."

బీబమ్మ పాత పంచె చింపి కట్టు కట్టింది. వన్నూరప్ప గోడ పక్కన అలాగే కూచున్నాడు. సాంబ్రాణి చల్లారింది. తాత ఇంక ఏమీ చెప్పలేదు. చీకటి పడకముందే దిగమన్నాడు, అంతే.

మర్నాడు కూలిన బావి గట్టున ఆరుగురూ కూచున్నారు. తిప్పన్న కూచునే రాయి మీద ఎవరూ కూచోలేదు.

వన్నూరప్ప సంచి విప్పి మోకు ముక్క తీశాడు. పిలవకముందే సుంకన్న లేచి వచ్చి, తల వంచుకుని రెండు చేతులూ చాచాడు. అరచేతుల నిండా మోకు రాపిడికి కాసిన కాయలు.

మేస్త్రి ముక్కను తన ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

"మోకు కదిలించొద్దని చెప్పింది నేను" అన్నాడు.

సుంకన్న చేతులు అలాగే చాచి ఉన్నాయి. మిగతా నలుగురూ మేస్త్రి మొహం వంక చూస్తున్నారు.

"అనండప్పా. ఏదో ఒకటి అనండి" అన్నాడు మేస్త్రి వాళ్ళతో.

ఎనిమిదేళ్ళ అలవాటు. ఎవరూ నోరు విప్పలేదు.