తెర ముందు నుంచి

ఓబులేసు పదకొండు నెలలుగా ల్యాప్‌టాప్ ఎంచుతున్నాడు. కొనడం కాదు, ఎంచడమే. ఒకదానికి ర్యామ్ చాలదు. ఒకదాని తెరలో రంగులు సరిగ్గా రావు. ఒకటి బాగుందనుకుంటే, అరగంటకే పెనంలా కాలిపోతుందట. అన్నీ కుదిరింది దొరికిందనుకునేలోపు, వచ్చే నెల ఇంకో కొత్త మోడల్ వస్తోందని యూట్యూబ్‌లో ఎవడో చెప్తాడు. మనవాడు మళ్ళీ ఆగుతాడు.

ఇంత తిప్పలూ హనుమక్క కోసం. ధర్మవరం పక్క పల్లెలో తోలుబొమ్మలాడించే మనిషి. ఆమె మీద సినిమా తీద్దామని మూడు రోజులుండి, ఇరవై గంటల వీడియో తీసుకొచ్చాడు. పాత కంప్యూటర్‌లో పెడితే వీడియో కదలకుండా బిగుసుకుపోయింది. చిరాకేసి రెండు నిమిషాలకే కట్టేశాడు. ముందు మంచి మెషీన్, తర్వాతే ఎడిటింగ్ అని తీర్మానించుకున్నాడు.

చివరికి ఒక మధ్యాహ్నం మూడు మోడళ్ళ పేర్లు కాగితం మీద రాసుకుని, తనకు పని నేర్పిన దాదాపీర్ సాబ్ దగ్గరికి వెళ్ళాడు. సాబ్ ఫిల్మ్ రీళ్ళను కత్తెరతో కోసిన కాలం నాటి ఎడిటర్. కృష్ణానగర్‌లో మేడ మీద ఒక గది, గదిలో ఒక ముసలి కంప్యూటర్, అంతే ఆయన ఆస్తి.

"ఏది కొనమంటారు సాబ్?"

సాబ్ కాగితం వంక చూడలేదు. "ఆమె ఏమంటుంది అందులో?"

"ఎవరు?"

"హనుమక్క."

ఓబులేసు కాగితం మడిచాడు. "పూర్తిగా చూళ్ళేదు సాబ్. ఆగి ఆగి వస్తుంది, ఏం చూస్తాం."

సాబ్ చెయ్యి చాపాడు. ఓబులేసు సంచీలోంచి హార్డ్ డిస్క్ తీసిచ్చాడు. సాబ్ ఎప్పుడూ చివరి ఫైలే ముందు చూస్తాడు, అది ఆయన అలవాటు. తెరిచాడు. హనుమక్క మొహం ఒక్క క్షణం కదిలి, సగం తెరిచిన నోటితో అలాగే నిలిచిపోయింది.

"చూశారా, ఇదీ వరస."

సాబ్ భుజం మీది తువ్వాలు తీసి తెర మీద కప్పేశాడు. బొమ్మ ఆగిందే గాని మాట ఆగలేదు.

"...కెమెరా ఎనకాలే ఉండావు గదా నాయనా, ఒక మాట. షుగరు కండ్లకు కొట్టింది. ఉగాది దాకా ఉంటాది చూపు అన్న్యాడు డాక్టరు. నలభై ఏండ్లు తెర ఎనక కూకోని ఆడించినా. ముందర నుంచి ఎట్ల కనపడ్తాదో ఒక్క తూరి గూడా సూల్లేదు. ఉగాదిలోపల నాకు సూపిస్తావా?"

ఎక్కడో కోడి కూసింది. చాలాసేపు ఏమీ లేదు.

"నాయనా? ...సరేలే."

ఓబులేసుకు గుర్తొచ్చింది. ఆ రోజు కెమెరా ఆపడం మరిచిపోయి, లైట్ల వైరు చుట్టడానికి బయటికి వెళ్ళాడు. కెమెరా వెనక ఎవరూ లేరని ఆమె కళ్ళకు ఆనలేదు. ఉగాది వెళ్ళి నాలుగు నెలలైంది.

వెంటనే హనుమక్క ఇంటికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాడు. ఆమె కొడుకు ఎత్తి ఆమెకిచ్చాడు.

"అక్కా, నేను ఓబులేసును. కళ్ళెట్లా ఉన్నాయి?"

"పూర్తిగా పాయ నాయనా. పొయ్యి గూడా తడుముకుంటాండా." గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది. "సినిమా ఏమాయ?"

"అవలేదక్కా. తప్పు నాదే."

"పోనీలే. నువ్వు సూసినావు గదా. ముందర నుంచి ఎట్లుండాది ఆట? నువ్వు చెప్పు, నేను ఇంటా."

ఆట నడిచినంతసేపూ ఓబులేసు చూసింది ఫోకసూ, బ్యాటరీ గీతలూ. ఆట చూడలేదు.

"నాయనా? ఉండావా?"

"ఉన్నానక్కా."

సాబ్ తువ్వాలు తీసేశాడు. బొమ్మలాట ఫైలు వెతికి తెరిచాడు. మొదటి బొమ్మ తెర మీదికి వస్తూనే బిగుసుకుపోయింది. ఆయన లేచి, కుర్చీ ఓబులేసు వైపు జరిపాడు.

"చూసి చెప్పు" అన్నాడు.