తాబేలు పంతులమ్మ చెరిపేసిన మాటలు

తెల్లవారింది. మబ్బు పట్టి ఉంది, గాలి లేదు. అనగనగా ఒక సముద్రంలో, రెండు బండల మధ్య ఇసుకలో, తాబేలు పంతులమ్మ బడి మొదలైంది.

ఆ బడికి ఒక పద్ధతి ఉంది పిల్లలూ. ఒక్కో అక్షరానికి ఒక చుట్టం పేరు, ఒక శత్రువు పేరు నేర్పేది పంతులమ్మ. గ అంటే గవ్వ, గ అంటే గాలం. ప అంటే పీత, ప అంటే పడవ. వ అంటే వంజరం, వ అంటే వల. ఇసుకలో అక్షరం గీసి, పక్కన బొమ్మ వేసేది. పిల్లలు తోకలతో దిద్దేవాళ్ళు. చుట్టం పేరు చెప్పి నవ్వేవాళ్ళు. శత్రువు పేరు చెప్పి బండ వెనక్కి పారిపోయేవాళ్ళు. అదీ పాఠమే.

పంతులమ్మకి ముందుకాలు ఒకటి సగమే ఉంది. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. వల బొమ్మ దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడే చూపించేది.

మొదట వంజరం చేప తల్లి వచ్చింది. గాలం బొమ్మ చూసినప్పటి నుంచి మా వాడు తిండి ముట్టడం లేదంది. పంతులమ్మ గాలం చెరిపేసింది.

తర్వాత పీత తండ్రి వచ్చాడు. పైన ఏ నీడ కదిలినా పడవేనంటూ కొడుకు బొరియలో దూరుతున్నాడని, అందరూ పిరికివాడంటున్నారని గొడవ చేశాడు. పడవ కూడా పోయింది.

మూడోసారి చందువా చేప తల్లి నూకాలు వచ్చింది. ఆమెకి ముగ్గురు ఆడపిల్లలు. తళుకు, రేకు, బుడ్డి. బుడ్డి అందరికంటే చిన్నది.

"రాత్రి బుడ్డి ఉలిక్కిపడి లేచింది పంతులమ్మగారూ. వల వచ్చిందని ఒకటే ఏడుపు. దాని వయసెంతని?"

"వలకి వయసుతో పనిలేదమ్మా."

"మాటలకేం. అక్షరాలు నేర్పమని పంపిస్తే దిగులు నేర్పుతున్నారు."

పీత తండ్రి పక్కనే ఉన్నాడు. "ఆవిడ కాలు తెగిందని అందరి కాళ్ళూ తెగాలా ఏంటి" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు.

పంతులమ్మ ఇసుకలో వల బొమ్మ వైపు తిరిగింది. "సరే. పిల్లలు మీవాళ్ళు" అని వల కూడా చెరిపేసింది.

ఆ రోజు నుంచి గ అంటే గవ్వ, గాలి. ప అంటే పీత, పండు. వ అంటే వంజరం, వాన. సముద్రంలో పండు చూసినవాళ్ళు లేరు. అయినా పిల్లలు ఎంత ముద్దుగా చెబుతున్నారో అని పెద్దలు మురిసిపోయారు.

బుడ్డి మాత్రం ఇంటికొచ్చి, వల ఏమైందమ్మా అని అడిగింది.

"అలాంటిదేం లేదు. అది పీడకల. పడుకో" అంది నూకాలు.

బుడ్డి హాయిగా నిద్రపోయింది. నూకాలు కూడా.

ఒక మధ్యాహ్నం బడి వదిలాక పిల్లలు ఇంటికి వస్తున్నారు. దారికి అడ్డంగా ఏదో వేలాడుతోంది. పైనుంచి కింద దాకా గళ్ళు గళ్ళు. గడికో అక్షరం రాసుకోవచ్చనిపించేలా ఉంది. పంతులమ్మ మనకి కొత్త పలక కట్టించిందన్నాడు వంజరం పిల్లాడు. ముందు ఎవరు రాయాలని పోట్లాట మొదలైంది.

బుడ్డి వెనకే ఆగిపోయింది. "అక్కా, ఇది అదేమో."

"ఏది?"

"నా కలలోది."

"అది లేదని అమ్మ చెప్పిందిగా" అంది తళుకు. చెల్లి రెక్క పట్టుకుని ముందుకి తీసుకెళ్ళింది. రేకు అప్పటికే పలక దగ్గరుంది.

పలక కదిలింది.

బుడ్డి ఏదో తెలివి చూపించి తప్పించుకుందనుకోకండి. ఒళ్ళు చిన్నది. గడిలోంచి జారిపోయింది, అంతే.

కబురు విని పంతులమ్మ ఈదుకుంటూ వచ్చింది. ఆవిడ తిడుతుందని నూకాలు ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది. ఆవిడ తిట్టలేదు.

"నేను సరే అనకుండా ఉండాల్సింది" అంది.

పీత తండ్రి తల ఎత్తలేదు.

నూకాలు బండ దగ్గర నిలబడి, తిరిగొచ్చినవాళ్ళని లెక్కపెట్టింది. పీత పిల్లాడు వచ్చాడు, ఒక కాలు లేదు. నత్త పిల్ల వచ్చింది, నడక నెమ్మది కాబట్టి అంతదాకా పోనేలేదు. బుడ్డి వచ్చింది. వంజరం పిల్లాడు రాలేదు. నా పిల్లలు ఇంకా ఇద్దరు రావాలి, అనుకుంది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

పీత పిల్లాడు. నత్త పిల్ల. బుడ్డి.

నీతి: భయపడతారని పిల్లల దగ్గర ఆపద పేరు దాచకూడదు. పేరు తెలియని ఆపదకి పిల్లలు ఆడుకుంటూ ఎదురెళ్తారు.