ఉల్లిపొరలో కనురెప్పలు

నేరేడువలస డిగ్రీ కాలేజీలో బోటనీ ఫైనలియర్ చదివేవాళ్ళు ముగ్గురే ముగ్గురు. ఈ లోకంలో తెలివిని బస్తాలకెత్తి పంచితే తలా ఒక బస్తా తమకే ముట్టిందని ఆ ముగ్గురి గట్టి నమ్మకం. ఆ బస్తాల మూతి ఇంతవరకూ ఎవరూ విప్పి చూడలేదు, అది వేరే సంగతి.

ముగ్గురిలో పెద్దవాడు పైడిరాజు. వయసులో కాదు, ఎత్తులో. రెండోది నూకరత్నం. మేడం నోట్లోంచి ఏది వచ్చినా రాసేసుకుంటుంది. ఆవిడ తుమ్మిన రోజున 'తుమ్ము' అని కూడా రాసుకుంది. మూడోవాడు చిన్నంనాయుడు. వాడు పెద్దగా మాట్లాడడు. మిగిలిన ఇద్దరూ ఏం చేస్తే అదే చేస్తాడు, కాకపోతే ఇంకాస్త ఎక్కువ చేస్తాడు.

"మనకీ మిగతావోళ్ళకీ తేడా ఏటో తెలుసా?" అనేవాడు పైడిరాజు. "ఆళ్ళు మేడం సెప్పింది ఇంటారు. మనం సెప్పింది సెప్పినట్టు సేస్తాం. ఒక్క ముక్క ఎక్కువ సేస్తే పొగరు. ఒక్క ముక్క తక్కువ సేస్తే బద్ధకం."

నూకరత్నం దాన్ని కూడా రాసుకుంది.

ఆ మేడం పేరు స్వరాజ్యం. పద్దెనిమిదేళ్ళుగా అక్కడే పాఠం చెబుతున్నారు. ఒక రోజు ఆవిడ ఒక ఉత్తరం పట్టుకుని క్లాసుకొచ్చారు. గ్రూపులో పిల్లలు తగ్గిపోతున్నారు కాబట్టి, ఈ ఏడు ఫైనలియర్‌లో ఒక్కరు ప్రాక్టికల్స్ తప్పినా బోటనీ గ్రూపు ఎత్తేస్తామని యూనివర్సిటీ రాసింది. ఫస్టియర్‌లో పదకొండు మంది ఉన్నారు, అందులో తొమ్మిది మంది ఆడపిల్లలు. గ్రూపు పోతే రెండు బస్సులు మారి వేరే ఊరు వెళ్ళాలి. అంత దూరం వాళ్ళ ఇళ్ళల్లో పంపరు. చదువు అక్కడితో సరి.

మేడం ఉత్తరం చదివి మడిచి పెట్టారు. "అంతా మీ చేతుల్లోనే ఉందర్రా" అన్నారు.

ముగ్గురూ తమ చేతులకేసి చూసుకున్నారు. అంతే, ఆ రోజే ఒట్టు పెట్టుకున్నారు. మేడం మాట ఒక్కటి కూడా జవదాటకూడదు, గ్రూపు పోకూడదు.

మర్నాడు ల్యాబ్. ఉల్లిపొర తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం, చూసింది రికార్డులో గీయడం. మేడం గట్టిగా చెప్పారు: "కనిపించింది కనిపించినట్టే గీయండి. గైడులో చూసి దింపితే ఊరుకోను."

ఇంకేముంది, ముగ్గురూ కన్ను ఆనించి గీశారు. గంట తర్వాత మేడం రికార్డులు చూసి నిర్ఘాంతపోయారు. పైడిరాజు బొమ్మలో పెద్ద పెద్ద నల్లటి పుల్లలు వరసగా ఉన్నాయి. నూకరత్నం బొమ్మలో నల్ల అంచు ఉన్న గుండ్రటి సున్నా ఉంది. చిన్నంనాయుడి పేజీ ఈ చివర నుంచి ఆ చివరకు నల్లగా పెన్సిలుతో రుద్దేసి ఉంది. కింద శుభ్రంగా పేరు రాశాడు: 'చీకటి'.

"నాయుడూ, మైక్రోస్కోపు కింద అద్దం వెలుతురు వైపు తిప్పావా?"

"తిప్పమని మీరు సెప్పలేదు మేడం."

"రత్నం, ఇది గాలిబుడగ తల్లీ. పైడిరాజూ, ఇవి నీ కనురెప్పల వెంట్రుకలురా! అవి అడ్డం రాకుండా చూడు."

అంతే. మర్నాడు పైడిరాజు కత్తెరతో రెప్పల వెంట్రుకలు కత్తిరించేసుకుని వచ్చాడు. స్నేహమన్నాక సగంలో వదిలేస్తారా? నూకరత్నం కూడా కత్తిరించుకుంది. చిన్నంనాయుడు కనుబొమలు కూడా తీసేశాడు.

ల్యాబ్ అటెండరు కూర్మయ్య తలుపు తీసి, ముగ్గుర్నీ చూసి, మళ్ళీ తలుపు వేసేశాడు. "ఓలమ్మో! మేడం గారూ, బేగి రండి! ముగ్గురు పిల్లలూ సేపల్లాగైపోనారు!" అని కేకపెట్టాడు.

మేడం తల పట్టుకున్నారు. కళ్ళ దగ్గరికి కత్తెర పోనివ్వకూడదని గంటసేపు తిట్టి, తర్వాత తనే దగ్గర కూర్చుని అద్దం తిప్పారు, బుడగ పోయేలా పొర సర్దారు, ఒక చుక్క రంగు వేశారు. "ఇప్పుడు చూడండి" అన్నారు.

నూకరత్నం చూసింది. చూసి ఊపిరి బిగబట్టింది. "ఓరి పైడిరాజా, గోడరా ఇది! ఇటకలు పేర్సినట్టున్నాది! ప్రెతీ ఇటక లోపలా ఒక సుక్క! మా అమ్మ రోజూ ఇంత పెద్ద కట్టడాన్ని ముక్కలు కోసి కూరలో ఏసేస్తన్నాదా?"

ఆ రోజు ముగ్గురూ అన్నానికి వెళ్ళలేదు. వంతులవారీగా చూస్తూనే ఉన్నారు. స్వరాజ్యం మేడం గుమ్మంలో నిలబడి వాళ్ళనే చూస్తూ, వీళ్ళ మీద కోపం తెచ్చుకోవడం తన వల్ల కాదని అనుకున్నారు.

ఆ మాట ఆవిడ కాస్త తొందరపడి అనుకున్నారు. ఎందుకంటే తర్వాతి వారం హెర్బేరియం. అంటే మొక్కని తెచ్చి, ఎండబెట్టి, అట్టకి అంటించి, వివరాలు రాయాలి.

"మొక్క వేరుతో సహా ఉండాలి, పువ్వు ఉండాలి" అన్నారు మేడం. "పేపర్ల మధ్య పెట్టి పైన బరువు ఉంచండి. వారం దాకా ఆ బరువు తియ్యకూడదు. పేపరు మాత్రం రోజూ మార్చాలి. పక్కన చీటీ మీద ఎక్కడ సేకరించారో, ఎప్పుడు సేకరించారో, ఎవరు సేకరించారో నిజాయితీగా రాయండి."

"ఎంత మొక్క మేడం?" అని అడగాలని ఎవరికీ తోచలేదు. వేరుంది, పువ్వుంది, మొక్కా నిటారుగా ఉంది. ముగ్గురూ కలిసి గునపంతో తవ్వి, భుజాన మోసుకుని, ల్యాబ్‌లో దించారు. అరటిచెట్టు.

కింద పేపర్లు పరిచారు. పైన పేపర్లు కప్పారు. బరువు ఏది? ల్యాబ్‌లో ఉన్నవాటిలో అన్నిటికంటే బరువైనవాళ్ళు వాళ్ళే. అంతే, ఎక్కి కూర్చున్నారు. బరువు తియ్యకూడదు కదా, అందుకని ఇద్దరు కూర్చుంటే ఒకరు క్లాసుకి వెళ్ళేవారు. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు తమకి బదులుగా కూర్మయ్యని బతిమాలి కూర్చోబెట్టేవారు.

"నా సర్వీసులో సానా సూసినాను గానీ, అరిటిసెట్టు మీద డ్యూటీ ఇదే మొదలు" అనేవాడు కూర్మయ్య.

పేపరు రోజూ మార్చాలన్నారు కదా. కాలేజీకి రోజూ వచ్చే పేపరు ఒక్కటే. అది ప్రిన్సిపాల్ గారిది. నాలుగు రోజులు ఆయనకి లోకంలో ఏం జరుగుతోందో తెలియలేదు. ఐదో రోజు పేపరు వెతుక్కుంటూ ల్యాబ్‌కి వచ్చారు. పేపరు కనిపించింది. దాని కింద అరటిచెట్టు కనిపించింది. దాని మెడలో చీటీ కనిపించింది.

'సేకరించిన చోటు: ప్రిన్సిపాల్ గారి పెరడు. సేకరించిన సమయం: ఆయన భోజనం చేస్తుండగా. సేకరించినవారు:' అని ముగ్గురి పేర్లూ ఇంటిపేర్లతో సహా ఉన్నాయి.

ప్రిన్సిపాల్ గారు అక్కడికే మేడంని పిలిపించి కేకలేశారు. "ఇంకో పది రోజుల్లో కోతకొచ్చే గెలమ్మా అది! వీళ్ళు ప్రాక్టికల్స్ పాసవుతారా? వీళ్ళని నమ్ముకుని మీరు గ్రూపు నిలబెడతారా? ఇప్పుడే మూసేశామని రాసిపడేస్తే పోతుంది!"

 ఆయన వెళ్ళాక మేడం కుర్చీలో కూలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. అది ముగ్గురూ చూశారు. చిన్నంనాయుడు మొట్టమొదటిసారి తనంతట తాను నోరు విప్పాడు. "మేడం, మేం ఏటి తప్పు సేసినాం?"

"ఏమీ చెయ్యలేదు నాన్నా" అన్నారు మేడం. "చెప్పింది చేశారు. చెప్పడమే నాకు రావటం లేదు."

అందుకే పరీక్ష ముందురోజు ఆవిడ ఒక్కో మాటా తూచి తూచి చెప్పారు. "రేపు బయటి నుంచి ఎగ్జామినర్ వస్తారు. బల్ల మీద వరసగా నమూనాలు పెడతాం. ఒక్కోదాని ముందు నిలబడి, అదేమిటో, దాని లక్షణాలేమిటో రాయాలి. బెల్లు కొడితే పక్కదానికి జరగాలి. ఏదీ ముట్టుకోవద్దు. చూసింది రాయండి, చూడనిది రాయొద్దు. అడిగినదానికే జవాబు చెప్పండి. అంతే, ఇంకేమీ చెయ్యొద్దు."

నూకరత్నం 'అంతే, ఇంకేమీ చెయ్యొద్దు' అని కూడా రాసుకుంది.

ఎగ్జామినర్ దండపాణి గారు పెద్దాయన. పొద్దున్నే వచ్చి రికార్డులు ముందేసుకుని, అందులో కనురెప్పల బొమ్మ దగ్గర చాలాసేపు ఆగారు.  అప్పుడే మేడం సగం ఆశ వదిలేసుకున్నారు. మధ్యాహ్నం పప్పూ, వంకాయ కూరా, గడ్డపెరుగూ తిని వచ్చి, బల్ల చివర కుర్చీలో కూర్చుని, "కానివ్వండి" అన్నారు. మేడం కూర్మయ్య చేతికి బెల్లు ఇచ్చి, "రెండు నిమిషాలకోసారి కొట్టు. సారు చాలనేవరకూ కొట్టు" అని చెప్పి, టీ పురమాయించడానికి వెళ్ళారు.

బల్ల మీద పది నమూనాలు. ముగ్గురూ ఒక్కోదాని ముందు కలిసి నిలబడి, బెల్లు కొట్టినప్పుడల్లా జరిగారు. ఏడు తెలిశాయి, రాశారు. మూడు తెలియలేదు, 'తెలియదు' అని రాశారు. పదీ అయిపోయాయి.

కూర్మయ్య సారుకేసి చూశాడు. సారు చాలు అనలేదు. ఎలా అంటారు? గడ్డపెరుగు పని చేసింది, ఆయన హాయిగా నిద్రపోతున్నారు. కూర్మయ్య బెల్లు కొట్టాడు. ముగ్గురూ పక్కకి జరిగారు.

పక్కన కూర్మయ్య అన్నం క్యారేజీ ఉంది. 'నమూనా పదకొండు: క్యారేజీ. నాలుగు గిన్నెలు. మూత ఉన్నది. మూత కింద ఏముందో చూడలేదు కనుక రాయడం లేదు.'

మళ్ళీ బెల్లు. 'నమూనా పన్నెండు: ఇసక బకెట్టు. ఎరుపు రంగు. లోపల ఇసక లేదు. బీడీ ముక్కలు మూడు.'

కూర్మయ్యకి ఇబ్బందిగానే ఉంది. అయినా సారు చాలనలేదే! మళ్ళీ కొట్టాడు.

ఇంకేముంది, ఆ పక్కన కుర్చీ. కుర్చీలో ఎగ్జామినర్ గారు. ముగ్గురూ వచ్చి ఆయన చుట్టూ వంగారు. పైడిరాజు ముఖం దగ్గర, నూకరత్నం కాళ్ళ దగ్గర, చిన్నంనాయుడు వెనక మెడ దగ్గర. ముట్టుకోకుండా, ఊపిరి తగలకుండా, శ్రద్ధగా రాయడం మొదలుపెట్టారు. రాయడం పూర్తవుతుండగా మేడం టీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. గ్లాసు చేతిలోంచి జారి భళ్ళుమంది.

దండపాణి గారు కళ్ళు తెరిచారు. ముక్కుకి బెత్తెడు దూరంలో రెప్పవెంట్రుకల్లేని రెండు కళ్ళు ఆయన్నే చూస్తున్నాయి.

"ఏయ్! ఏం చేస్తున్నారిక్కడ?" అని గట్టిగా అరిచారాయన.

"పదమూడో నమూనా రాస్తన్నాం సార్" అన్నాడు పైడిరాజు. అడిగినదానికే జవాబు చెప్పాడు.

ఆయన పైడిరాజు చేతిలో కాగితం లాక్కున్నారు. మేడం కళ్ళు మూసుకున్నారు. గ్రూపు పోయింది, పదకొండు మంది పిల్లల చదువూ పోయింది అనుకున్నారు. ఆయన పైకే చదివారు.

'నమూనా పదమూడు: ఎగ్జామినర్. తల మీద వెంట్రుకలు లేవు, చెవుల్లో ఉన్నాయి. ఊపిరి పీల్చినప్పుడు చొక్కా మూడో బొత్తం బిగుస్తుంది, వదిలినప్పుడు వదులవుతుంది. నిమిషానికి పద్నాలుగుసార్లు. ఎడమ చూపుడువేలి మీద సన్నటి పాత మచ్చ, బ్లేడు తెగినట్టుంది. బతికి ఉన్నది.'

దండపాణి గారు తన వేలికేసి చూసుకున్నారు. 

"నలభై రెండేళ్ళ కిందట" అన్నారు మెల్లగా. "తులసి కాడని సన్నగా కోయబోయి తెగింది. నా భార్య కూడా ఇంతవరకూ ఈ మచ్చ చూడలేదు."

అని నవ్వడం మొదలుపెట్టారు. మూడో బొత్తం తెగి బకెట్టులో పడేదాకా నవ్వారు.

"మేడం, ఈ నెలలో తొమ్మిది కాలేజీలు తిరిగాను. అన్ని రికార్డుల్లోనూ ఒకే ఉల్లిపొర, గైడులోది. ఆ మైక్రోస్కోపుల్లో కనపడనివి కూడా గీసి పేర్లు పెట్టారు. కన్ను పెట్టి చూసినట్టు రుజువున్న రికార్డు ఇక్కడే దొరికింది, కనురెప్పలతో సహా." పెన్ను తీసి యూనివర్సిటీకి రిపోర్టు రాశారు: 'ముగ్గురూ ఉత్తీర్ణులు. ఇటువంటి విద్యార్థులు ఉన్నంతకాలం ఈ గ్రూపు ఉండి తీరాలి.'

మేడం ఏడ్చేశారు. ఈసారి కొంగుతో తుడుచుకోలేదు. నూకరత్నం ఆ రిపోర్టు వాక్యాన్ని నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

ఎండాకాలం గడిచింది. ముగ్గురూ అన్ని పేపర్లూ పాసయ్యారు, సర్టిఫికెట్లూ తీసుకున్నారు. జూన్‌లో కాలేజీ తెరిచారు. స్వరాజ్యం మేడం కొత్త చాక్‌పీసు పట్టుకుని ఫస్టియర్ క్లాసులోకి అడుగుపెడితే, మొదటి బెంచీ మీద కొత్త రికార్డులతో పైడిరాజు, నూకరత్నం, చిన్నంనాయుడు కూర్చుని ఉన్నారు. రెప్పల వెంట్రుకలు మళ్ళీ మొలిచాయి.

"మీరేంటర్రా ఇక్కడ? పాసైపోయారు కదా!"

"అయిపోనాం మేడం" అంది నూకరత్నం, నోట్సు తెరిచి చూపిస్తూ. "అయితే మాత్రం? ఇటువంటి ఇద్యార్థులు ఉన్నంతకాలమే గ్రూపు ఉంటాదని ఆయన రాసీసినారు కదా. మేం ఎలిపోతే మీరేటైపోతారు? ఈ పిల్లలేటైపోతారు?"

మేడం చాక్‌పీసు బల్ల మీద పెట్టేశారు. "మరి ఇళ్ళల్లో ఏం చెప్పి వచ్చారు?"

"ఏటీ సెప్పలేదు మేడం" అంది నూకరత్నం. " అడిగినదానికే జవాబు సెప్పమన్నారు కదా. కాలేజీ తెరిసినారా అని అడిగినారు. తెరిసినారన్నాం."

"ఎంతకాలం కూర్చుంటారు ఇలా?"

"గ్రూపు ఉన్నంతకాలం" అన్నాడు పైడిరాజు.

మేడం ఇంకో మాట అనబోయారు. ఇంతలో వరండాలో కూర్మయ్య పీరియడు బెల్లు కొట్టాడు. ముగ్గురూ పుస్తకాలు పట్టుకుని, బుద్ధిగా, ఒక్కో చోటు పక్కకి జరిగారు. సీనియర్లు జరిగారని వెనక బెంచీల్లో కొత్త పిల్లలు కూడా జరిగారు. బెంచీ చివర కూర్చున్న చిన్నంనాయుడు మాత్రం మిగిలినవాళ్ళకంటే ఇంకాస్త ఎక్కువ జరిగి, గుమ్మం దాటి, వరండాలో కూర్మయ్య ఎదురుగా నిలబడి, పెన్సిలు తీసి రాయడం మొదలుపెట్టాడు: 'నమూనా పద్నాలుగు.'