వంత పలికిన చిలుక

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ముగ్గురూ కలిసి కథలు పాడేవాళ్ళు. పెద్దవాడు రత్నాంగదుడు పాట ఎత్తుకుంటే, తమ్ముళ్ళు మణిధరుడూ కేయూరుడూ "తందాన తాన" అని వంత పలికేవాళ్ళు. వంత ఇద్దరూ కలిసే పలకాలి. ఒక్కడే పలికితే అరిష్టమని వాళ్ళ ఆచారం.

ఏడు సముద్రాల అవతలి నుంచి కరాళుడనే మాంత్రికుడు వచ్చాడు. రాజును రాతిబొమ్మను చేసి సింహాసనమెక్కాడు. బావులకు మూతలు వేయించి తాళాలు బిగించాడు. తనను పొగిడే పాట తప్ప ఇంకో పాట వినబడకూడదన్నాడు.

రత్నాంగదుడు ఊరుకుంటాడా? నిండు కొలువులో, బావులకు తాళాలెందుకని నిలదీసే బావుల పాట ఎత్తుకున్నాడు. మాంత్రికుడు చిటికె వేశాడు. అంతే, గొంతు పోయి, సింహాసనం పక్కన వాడు పెట్టుకున్న పంజరంలోని చిలుక కడుపులో పడింది. మణిధరుడు ఎత్తుకున్నాడు. అతని గొంతూ అక్కడికే పోయింది.

ఇక మిగిలింది కేయూరుడు. ఉత్త పిరికివాడు పాపం! వంత పలకడమే గాని ఏనాడూ పాట ఎత్తుకోలేదు. అన్నలు మాట రాక నోళ్ళు కదుపుతుంటే చూడలేక తోటలో కూర్చుని ఏడ్చాడు.

చెట్టు మీంచి ఉడుత దిగివచ్చింది.

"రాకుమారా, ఆ మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉంది. అది పలికిందా, వాడు చచ్చాడే."

"మరి పలకదేం?"

"లోపల వంత పలికేవాడు ఒక్కడే ఉన్నాడు. రెండోవాడు రావద్దూ?"

కేయూరుడికి అర్థమైంది. రెండోవాడంటే తనే. తన గొంతు పోయాక చిలుక పలకకపోతే? జన్మంతా ముగ్గురూ మూగవాళ్ళే!

అయినా వెళ్ళాడు. కొలువులో కాళ్ళు వణుకుతున్నా పాట ఎత్తుకున్నాడు.

"బావికి తాళం వేసిన దొరా! బిడ్డల దాహం వినబడదా?"

జనం తలలు వంచుకున్నారు. మాంత్రికుడు నవ్వి చిటికె వేశాడు. కేయూరుడు నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. భయంతో కళ్ళు మూసుకున్నాడు.

పంజరం గడగడలాడింది.

"తందాన తాన!" అన్నాయి చిలుక నోట రెండు గొంతులు.

మాంత్రికుడు కుప్పకూలి చచ్చాడు. రాతిబొమ్మ కదిలి రాజయింది. అన్నదమ్ముల గొంతులు ఎవరివి వాళ్ళకు వచ్చాయి. జనంలోంచి చెంగల్వ అనే కుమ్మరిపిల్ల బావుల పాట గట్టిగా అందుకుంది. ఊరంతా వంత పలికింది.

కేయూరుడు చెంగల్వనే పెళ్ళాడాడు. తండ్రి తర్వాత అన్నలు కిరీటం తమ్ముడికే పెట్టించారు. ఏటేటా పట్టాభిషేకం నాడు ప్రజలు రాజుగారి తప్పులు పాటకట్టి పాడాలి, రాజుగారు స్వయంగా రాణితో కలిసి వంత పలకాలి. ఇదీ ఆయన పెట్టిన శాసనం. వంత పలికేటప్పుడు ఆయన కాళ్ళు వణికేవట. అయినా బతికినన్నాళ్ళూ ఒక్క ఏడూ మానలేదు, ఆ రాజ్యంలో ఒక్క బావికీ తాళం పడలేదు.