రాజుగారి కిటికీ కింద బేరిచెట్టు

సిద్ధవ్వ పెరట్లో ఉన్న బేరిచెట్టు పెళ్లయిన ఏడు మొగుడు నాటింది. ఆయన పోయినా చెట్టు ఏటా విరగకాసేది. ఆ పళ్ల రుచి మరిగిన రాజు స్వయంగా వచ్చి, "దీన్ని వేళ్లతో తవ్వించి నా పడకగది కిటికీ కింద నాటిస్తాను" అన్నాడు.

 సిద్ధవ్వ చేతులు జోడించింది.

"మహాభాగ్యం, మహారాజా! దాని తిండి మాత్రం మానిపించకండి. రోజూ గంపెడు మురిగిన పేడ, కడవెడు పులిసిన కుడితి, వారానికోసారి కుళ్లబెట్టిన చేపల నీళ్లు చెట్టు మొదట్లో పోయించండి."

రాజు చెయ్యి ముక్కు మీదికి పోయింది. "ఇక్కడే ఉండనీ అవ్వా. పళ్లకి నేనే వస్తాలే."

రాజు వెళ్లాక సిద్ధవ్వ చెట్టు మొదలు నిమిరింది.

"విన్నావా మావా? నువ్వు దీనికి పోసిన ఆ కంపుకి ముప్పై ఏళ్లు నిన్ను తిట్టిపోశాను. ఇవాళ నీ చెట్టును నాకు మిగిల్చింది అదే."