కలివికోడి అడుగుకు కాపలా

లంకమల అడవి చుట్టుపక్కల ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే పుట్టిందని అన్నదమ్ములు ఓబులేసు, గంగులప్పల గట్టి నమ్మకం. చెప్పింది చెప్పినట్టు చేస్తాం, ఇంతకన్నా తెలివేముంటుంది అనేవాడు పెద్దవాడు ఓబులేసు. ఆ తెలివితోనే చేరిన ప్రతి పనీ పోగొట్టుకున్నాడు. ఇప్పుడు అడవిలో కాపలా పని దొరికింది. "ఇదీ పోగొట్టుకుంటే ఇంటికి రావద్దు" అని పెళ్ళాం సుబ్బక్క తేల్చేసింది. పాపం, ఓబులేసుకు నిజంగానే భయం పట్టుకుంది.

ఫారెస్టు గార్డు మౌలాలి పొదల మధ్య మెత్తటి మట్టి పరిపించాడు. "కలివికోడి మన అడవుల్లో తప్ప భూమ్మీద యాడా లేదు. కండ్లబడి శానా ఏండ్లయింది. దాని అడుగు ఈ మట్టిలో పడితే నాకు చూపియ్యండి."

మర్నాడే మూడు వేళ్ళ అడుగు పడింది! అంతే, ఓబులేసు దాన్ని పారతో ఎత్తి, గంపలో పోసి, నెత్తిన పెట్టుకుని పరిగెత్తాడు.

మౌలాలి గంపలోకి చూశాడు. "అడుగేదిరా?"

"ఈ మట్టిలోనే యాడో ఉంటాదన్నా. ఎతుకుదాం రా!"

మౌలాలి తల పట్టుకున్నాడు. "ఈసారి పడితే కదిలియ్యద్దు. పెద్దసారు చూసేదాకా దాన్ని ఎవురూ తొక్కకూడదు. మనిషైనా సరే, మేకైనా సరే, పిట్టైనా సరే! చెడగొట్టినారో, పనిలోంచి తీసేస్తా."

అదృష్టం చూడండి, ఒక వేకువజామున ఇంకో అడుగు పడింది. ఓబులేసు దానిమీద గంప బోర్లించాడు.

"దానికి ఊపిరాడదేమో అన్నా" అన్నాడు గంగులప్ప.

నిజమే కదా! ఓబులేసు గంప తీసి విసనకర్రతో విసరబోయాడు. ఇంతలో పొదలోంచి పెద్ద పెద్ద కళ్ళ గోధుమరంగు పిట్ట ఒకటి టకటకా నడుచుకుంటూ అడుగు వైపే వచ్చింది.

"ఏయ్! అది కలివికోడి అడుగు! నువ్వు తొక్కేదానికి కాదు!"

ఇంకేముంది, ఇద్దరూ కర్రలెత్తారు, కేకలు పెట్టారు, కొండ దాటేదాకా దాన్ని తరిమారు.

తెల్లగా తెల్లవారాక, కబురందుకుని మౌలాలితో పెద్దసారు వచ్చాడు. అడుగు చూసి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "ఈ పిట్టను ఒక్కసారి చూస్తే చాలు, నా జన్మ ధన్యమే!"

ఓబులేసు ఛాతీ విరుచుకున్నాడు. "అడుగు భద్రం సామీ! పొద్దున్నే ఒక పిట్ట తొక్కను వచ్చింటే, మళ్ళా ఈ దిక్కుకు రాకుండా తరిమినాం. ఎంత టక్కరిదనుకున్యారు! మమ్మల్ని నమ్మించేదానికి అచ్చం ఇట్లాంటి కాళ్ళే పెట్టుకోని వచ్చింది!"

అంతే, పెద్దసారు ఉన్నచోటే చతికిలబడ్డాడు, సరిగ్గా ఆ అడుగు మీద.

ఓబులేసుకు పని గుర్తొచ్చింది, పెళ్ళాం గుర్తొచ్చింది. ఇంకేముంది, కర్ర ఎత్తి పెద్దసారును కూడా కొండ దాటేదాకా తరిమాడు.